నెల ముందా, తేదీ ముందా

పటమటలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేటప్పుడు, ఊళ్లోని ఒక కంటి ఆసుపత్రి కోసం మేం యాప్ తయారుచేశాం. విదేశీ ఆసుపత్రులు వాడే యాప్‌ను ఇక్కడివాళ్లకు పనికొచ్చేలా మార్చాలి. తెలుగు చూసుకునే బాధ్యత నాది.

నేను రాసింది సరిచూడటానికి రిటైరైన ఒక తెలుగు టీచరుగారు వారానికి రెండుసార్లు వచ్చేవారు. ఒకరోజు తెరమీద 05/06 అని చూసి ఆగారు.

"ఇది జూన్ ఐదా అమ్మా?"

"కాదండీ, మే ఆరు. ఆ యాప్‌లో నెల ముందొస్తుంది."

"మనవాళ్లెవరూ అలా చదవరు. మే అని అక్షరాల్లో రాసెయ్యరాదూ?"

నిజమే. కానీ అక్షరాల్లో రాస్తే గడిలో పట్టడం లేదు. గడి పెంచితే కిందివన్నీ జరపాలి. తర్వాతి వెర్షన్‌లో చూద్దామన్నాను. ఆవిడ మళ్లీ అడగలేదు.

జూన్‌లో, యాప్ ఎలా ఉందో కనుక్కుందామని ఆసుపత్రికి వెళ్లాను. కౌంటర్ దగ్గర ఒకామె ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది. మెడలో చిన్న సిలువ. ఉయ్యూరు పక్క ఊరట, పొలం పనులకు వెళ్తుందట. నీటికాసుల (గ్లకోమా) ఆపరేషన్ మే ఆరున జరగాల్సింది. యాప్‌లో 05/06 చూసి ఆమె ఆ రోజు, జూన్ ఐదున వచ్చింది. ఈలోగా ఎడమకంటి చూపు బాగా తగ్గింది. ముందే చేసి ఉంటే నిలిచేదా అని డాక్టరుగారిని అడిగాను. చెప్పలేమన్నారు.

"పది దాకా చదివానండి. అయినా తేదీ తప్పు చదివాను," అందామె నాతో.

తప్పు నాదని అప్పుడే చెప్పాల్సింది. "కూర్చోండమ్మా," అని మాత్రం అన్నాను. మర్నాడే గడి పెద్దది చేసి నెల అక్షరాల్లో రాశాను. ఒక్క పూట పని.

చెప్పలేదన్న బాధ మాత్రం వదల్లేదు. మూడు నెలల తర్వాత ఆసుపత్రిలో చిరునామా కనుక్కుని ఆమె ఇంటికి వెళ్లాను. వరండాలో బియ్యం ఏరుతోంది, పళ్లెం కుడికంటి వైపు తిప్పుకుని. జరిగిందంతా చెప్పాను.

"అప్పుడే చెబితే బాగుండేదమ్మా," అందామె. "ఇంట్లో ఇన్నాళ్లూ అందరూ నన్నే అన్నారు. నేనూ నిజమే అనుకున్నాను."

ఆమె భర్త పొలం నుంచి వచ్చేదాకా కూర్చుని ఆయనకూ చెప్పాను. ఆయన విని, కాళ్లు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్లిపోయాడు. క్షమించమని ఆమెను అడిగాను. ఆమె బియ్యం ఏరుతూనే, నా బస్సుకు టైమైందని చెప్పింది.