స్టీఫెన్ గీసిన వెన్నుపోటు

స్టీఫెన్ మనుషుల్ని నరికినంత శ్రద్ధగా మాచర్ల చుట్టుపక్కల ఎవరూ నరకరు. నరికేది కాగితం మీదే అనుకోండి. తల ఎగిరితే మెడ నరాలు కనపడాలి, రక్తం పడ్డచోట దుమ్ము ముద్దకట్టాలి. కుడిచేతికి రెండు వేళ్ళే మిగిలాయి కాబట్టి ఎడమచేత్తో గీస్తాడు. పగలంతా ఎరువుల కొట్లకు బోర్డులు రాస్తాడు, తీరిక దొరికితే ఈ నరుకుడు మొదలుపెడతాడు.

అలా గీసి అచ్చేయించే బొమ్మల కథల పుస్తకాల పేరు ‘ఏలిక లేని కత్తి’. రెండొందల ఏళ్ళ తర్వాత కృష్ణ ఎండిపోతుంది. చుక్క నీటికి కుత్తుకలు తెగుతాయి. దొరను పోగొట్టుకున్న సమురాయ్, అంటే జపాన్ కత్తివీరుడొకడు, ఇనుప చేతిలో కత్తి పట్టుకుని, సాగర్ డ్యామ్ గోడ కింద నీళ్ళ దొంగల్ని వేటాడుతుంటాడు. పల్నాడుకు సమురాయ్ ఎలా వచ్చాడంటారా? నాగార్జునకొండ చూడటానికి వచ్చిన జపాన్ యాత్రికుడొకాయన, లాంచీల రేవులో పల్లీలమ్మే స్టీఫెన్ నాన్నకు ఒక బొమ్మల పుస్తకం ఇచ్చిపోయాడు. అందులో ఒక్క అక్షరం అర్థం కాకపోయినా, అట్ట ఊడిపోయేదాకా చూసి చూసి స్టీఫెన్ గీయడం నేర్చుకున్నాడు.

కథలో దుర్మార్గుడు నల్లదొర. వాడి ఎడమ చెవి తమ్మె తెగి ఉంటుంది. సమురాయ్ ప్రతి పుస్తకంలో వాణ్ణి చంపుతాడు, యంత్రాలు వాణ్ణి మళ్ళీ అతికించి లేపుతాయి. ఒకసారి నడుముకు రెండుగా నరికాడు, ఒకసారి కాలువ గేటు కింద నలిపాడు, ఇంకోసారి నాలుక కోసి ఎండలో వదిలేశాడు. ఊళ్ళో అలాంటి చెవి బసవయ్య ఒక్కడికే ఉంది.

పన్నెండేళ్ళ కిందట, కాలువ తూము దగ్గర మొదలైన తగాదా రోడ్డెక్కింది. అమీనా బీ టీకొట్టు ముందు, పట్టపగలు, స్టీఫెన్ అన్న ఇన్నయ్యను వేటకొడవలితో నరికి చంపారు. అడ్డం వెళ్ళిన స్టీఫెన్ వేళ్ళు మూడు ఆ దుమ్ములోనే పడ్డాయి. నరికింది బసవయ్యేనని స్టీఫెన్ కోర్టులో చెప్పాడు. ఆ రోజు నరసరావుపేటలో పెళ్ళికి వెళ్ళానన్నాడు బసవయ్య. టీ తాగుతున్న తొమ్మిదిమందీ, టీ కాస్తున్న అమీనా బీ, ఏమీ చూడలేదన్నారు. కేసు కొట్టేశారు. చివరికి సొంత చుట్టాలే “నువ్వు సరిగ్గా చూశావంట్రా?” అని అడగడం మొదలుపెట్టారు. ఆ ప్రశ్న కొడవలికంటే లోతుగా దిగింది. బసవయ్యకు శిక్ష పడాలని కోరుకోవడం కూడా మానేశాడు స్టీఫెన్. అన్నను చంపింది వాడేనని ఊళ్ళో ఒక్క నోరు అంటే చాలనుకున్నాడు.

పుస్తకాలను ఎవరూ కొనలేదు. అచ్చేసిన రెండొందల్లో నూట అరవై చెదలకు పోయాయి. అయితే ఈమధ్య హైదరాబాదులో వీడియో గేములకు బొమ్మలు గీసే లిఖిత అనే పిల్ల, తన కత్తివీరులందరూ స్టీఫెన్ బొమ్మలు చూసే పుట్టారని ఫోన్లో పేజీలు పెట్టింది. అవి ఊరూరూ తిరిగాయి. ఏడో పుస్తకం బసవయ్య మనవరాలి ఫోన్లోకీ వచ్చింది.

అందులో మొదటిసారి నల్లదొర సమురాయ్ అన్నను చంపుతాడు, వెనక నుంచి. ముందు నుంచి గీయాలంటే ఇన్నయ్య ముఖం గీయాలి. నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లూ చించేశాడు స్టీఫెన్. చివరికి అన్నను అటు తిప్పి, వీపులో కత్తి దించాడు.

అది మనవరాలి ఫోన్లోకి వచ్చిన మర్నాడు పొద్దున్నే బసవయ్య వచ్చి స్టీఫెన్ గొంతు పట్టుకుని, బోర్డు కొట్లోంచి ఎదురుగా ఉన్న టీకొట్టు ముందుకు ఈడ్చాడు. రంగు డబ్బాలు దొర్లాయి. బెంచీ అంచు తగిలి స్టీఫెన్ నుదురు చిట్లింది.

“ఆరుసార్లు సంపావు, కాయితమే గదా అని ఊరుకున్నా. ఇదేందిరా ఇది?”

“అది నల్లదొర కథ బాబాయ్. నీకెందుకు?”

“నా మనవరాలు చదివిందిరా! ‘తాతా, ఎనకమాల నుంచి పొడిచావా’ అని అడిగింది! నేనట్టాంటోణ్ణా? మీ అన్న పారెత్తి మీదికొస్తే ఎదురుగా నిలబడి, పేరెట్టి పిలిచి మరీ నరికా! నీ ఏళ్ళు తెగింది కూడా ముందు నుంచే గదరా!”

మాట పూర్తయ్యాక గానీ తన నోట్లోంచి ఏం ఊడిపడిందో బసవయ్యకు తెలియలేదు. పౌరుషం అంత పని చేసింది. కోర్టులో నల్లకోట్లు లాగలేకపోయిన మాటను ఒక్క బొమ్మ లాగింది.

స్టీఫెన్ కళ్ళలోకి కారుతున్న రక్తం తుడుచుకుని బెంచీల వైపు తిరిగాడు. “విన్నారా?”

అందరూ గ్లాసుల్లోకి చూశారు.

“ఇన్నానయ్యా,” అంది అమీనా బీ, స్టవ్ ఆపి. “ఆనాడు సూశా గూడా. పిల్లలు గలదాన్ని, బయపడి అబద్దం సెప్పా.”

బసవయ్య మరుగుతున్న టీ గిన్నెను కాలితో తన్నాడు. అది ఆమె పాదాల మీద పడింది. అరిచింది గానీ పక్కకు జరగలేదు. “తన్ను. మీ అన్నని ఈడనే, నా కళ్ళ ముందర, ఈ బసవయ్యే నరికాడు స్టీఫెనూ.”

స్టీఫెన్‌కు ఏడుపు ఆగలేదు. “ఇంకోసారి చెప్పు పిన్నమ్మా,” అన్నాడు.

ఆమె మళ్ళీ చెప్పింది, ఈసారి రోడ్డు అవతలికి కూడా వినపడేలా.