చివరి వరసలోంచి అమ్మ చీర

నాటకాలకు స్టేజీ కట్టేది, బట్టలు తయారుచేసేది, లైట్లు వేసేది చదువుకోవడానికి ఒక యూనివర్సిటీ, అందులో ఒక డిపార్టుమెంటు, దానికో డిగ్రీ ఉంటాయని తొంభైల్లో మా హిందూపురం వీధిలో ఒక్కరికీ తెలీదు. నాకు సీటొచ్చిందని చెప్తే, అంగట్లో జాకెట్టు గుడ్డ కత్తిరిస్తాండే నాయన కత్తెర పక్కన పెట్టేసినాడు.

"పరదా ఎత్తేదానికి, దించేదానికి సదువేంది మే?" అన్నాడు.

మా అత్త, అంటే నాయన చెల్లెలు, అంతటితో ఇడిసిపెట్టే మనిషి కాదు. "మొగానికి రంగు పూసుకునేదానికి హైదరాబాదు దాకా పోవల్లనా? ఈడే పూసుకుంటే సరిపాయె గదా!" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పి నవ్వింది. ఆమె నోటికి మైకు అక్కర్లేదు. నాకైతే ఆమె జడ పట్టుకుని గుంజాలన్నంత కోపమొచ్చింది.

అమ్మ మాత్రం వంటింటి వాకిట్లో నిలబడి, "అది పోతాది" అనింది. అంతే. అమ్మ మాట్లాడేదే తక్కువ. ధర్మవరం మగ్గాల ఇంటి బిడ్డ, హిందూపురానికి కోడలుగా వచ్చి నాయన మాటకు ఎన్నడూ ఎదురు చెప్పింది లేదు. ఆ పొద్దు చెప్పింది. నేను రైలెక్కినాను.

యూనివర్సిటీలో మాకు డిజైను నేర్పిన మేడమ్‌ను తలచుకుంటే ఇప్పటికీ నాకు వెన్ను నిటారుగా అవుతాది. పొట్టి మనిషి, గొంతు మాత్రం హాలంతా వినపడేది. నేల మీద సుద్దముక్కతో ఇల్లు గీసి, "ఇది గోడ, ఇది తలుపు. గోడలోంచి నడిస్తే ఊరుకోను" అనేది. మేము నిజంగానే ఆ గీతల తలుపు తీసుకుని, వేసుకుని నడిచేవాళ్లం. అట్టముక్కలతో అగ్గిపెట్టెంత మంచాలు చేయించేది. చేసింది నచ్చకపోతే, "కళ్లు ఊళ్లో పెట్టి వచ్చావా?" అని తిట్టేది. తిట్టిన అరగంటకు తనే వచ్చి పక్కన కూర్చుని అట్ట కత్తిరించేది.

ఆమెకొక పద్ధతి ఉండేది. ఏ నాటకమైనా ఆడేముందు ఎవరినో ఒకరిని చివరి వరసలో, మూలకుర్చీలో కూర్చోబెట్టేది. "బాగుంది అనకూడదు, బాలేదు అనకూడదు. ఏం కనపడుతోందో అది చెప్పాలి" అనేది. ఒకసారి నేను నోరు జారి "చానా బాగుంది మేడమ్" అంటే, లేపి బయటికి పంపింది. "ముందు వరస వాళ్లకు మనం లేకపోయినా కనపడుతుంది. చివర కూర్చున్న మనిషి కోసమే మన చదువంతా" అనేది. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, సెలవులకు ఇంటికొస్తే బస్సులో కూడా వెనక సీట్లో కూర్చునేదాన్ని. సోమందేపల్లి రోడ్డు గుంతలకు నడుము ఇరిగినా సరే.

ఆఖరి సంవత్సరం నాటకాన్ని ఎవరో ఒక విద్యార్థి ఊళ్లో ఆడేది మా డిపార్టుమెంటు ఆనవాయితీ. ఆ ఏడు నా వంతు. హిందూపురంలో హాళ్లన్నీ ముహూర్తాలకు పోయినాయి. సరే, పెనుకొండలో దొరికింది. ఇట్ల హిందూపురం వాళ్లు, అట్ల ధర్మవరం వాళ్లు, ఇద్దరూ ప్యాసింజరెక్కి వచ్చేస్తారు, ఇంకేం కావాలనుకున్నాం.

నాటకమంతా ఒక పెండ్లిపందిట్లో జరుగుతాది. పెండ్లికూతురు మొదట్నుంచి కడదాకా స్టేజీ మీదనే ఉంటాది. ఆ సంగతి ఇంట్లో చెప్తే అమ్మ బీరువా తెరిచి తన పెండ్లిచీర తెచ్చింది. వాళ్ల నాయన, అంటే మా తాత, కూతురి పెండ్లికని తన మగ్గం మీద తనే నేసిన పట్టు. మామిడాకు పచ్చ పడుగు, దానికి అడ్డంగా ఎరుపు పేక. ఇట్ల తిప్పితే పచ్చ, అట్ల తిప్పితే ఎరుపు. తాత పోయి చానా కాలమైంది. అమ్మ ఆ చీరను పెండ్లిళ్లకు కూడా కట్టేది కాదు.

"ఇది కట్టించు మీ పెండ్లికూతురికి. మీ అత్తను కూడా పిలిచినా. చూడనీ" అనింది.

అప్పుడు అర్థమైంది నాకు, అమ్మ ఇన్నాళ్లూ ఎంత మింగుకుని ఉండాదో. "నా చీర నాటకంలో వస్తాది, వచ్చి చూడండి" అని వీధంతా చెప్పేసింది. జన్మలో గొప్ప చెప్పుకోని మనిషి! నా చదువును చూసి నవ్వినోళ్ల ముందర తల ఎత్తుకుని కూర్చోవాలని ఆమె ఆశ. ఆ ఆశంతా ఆ చీరకే కట్టుకుంది.

రిహార్సల్సుకు పట్టుచీర పాడవుతుందని నేనొక ఉత్తుత్తి చీర చేసి పెట్టుకున్నాను. తెల్ల మల్లుగుడ్డను హాస్టలు మిద్దె మీద బకెట్టులో ఎర్రరంగు అద్ది, బంగారు పొడి గమ్ములో కలిపి, ఆలుగడ్డ కోసి అచ్చుచేసి, అరచేయంత బుటాలు గుద్దినాను. అంచు బ్రష్షుతోనే పూసేసినాను. చేతులు ఎర్రగా అయిపోయి మెస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. దగ్గరికి పోయి చూస్తే గోడకు సున్నం కొట్టినట్టే ఉంటాది ఆ చీర.

నాటకం రోజు అమ్మ పొద్దున రైలుకే వచ్చేసింది. చీర కుచ్చిళ్లు తనే పెడతానని. మధ్యాహ్నం కిటికీలకు నల్లగుడ్డలు కట్టి, లైట్లు వేసి, పెండ్లికూతురిని పట్టుచీరతో స్టేజీ మీద నిలబెట్టినాం. పందిరికి నేను పెట్టిన పసుపు, నారింజ లైట్ల కింద ఆ పచ్చ, ఆ ఎరుపు కలిసి బురదరంగైపోయినాయి. ఇన్నేండ్లకు నల్లబడిన సన్న జరీ ఎక్కడికి పోయిందో పోయింది. లైట్లు మార్చి చూసినాను. చీర బాగుపడితే పందిరి పాడవుతాంది.

మేడమ్ నా మొగం చూసింది, స్టేజీ పక్కన నిలబడిన అమ్మను చూసింది. అమ్మ దగ్గరికి పోయి చేయి పట్టుకుని, "రండమ్మా, మీ సాయం కావాలి" అని చివరి వరస మూలకుర్చీలో కూర్చోబెట్టింది. "బాగుంది, బాలేదు అనొద్దు. ఏం కనపడుతోందో అది చెప్పండి."

అమ్మ చానా సేపు చూసింది. "పందిరి కనపడతాంది. ఆ పిల్ల మొగం కనపడతాంది" అని ఆగింది. "చీర కనపడలేదమ్మా."

మేడమ్ సైగ చేస్తే నా మల్లుచీర కట్టుకుని ఇంకో పిల్ల వచ్చి నిలబడింది. అమ్మ ముందుకు వంగింది. "ఇప్పుడొచ్చింది పెండ్లికూతురు" అనింది.

లేచి నడుచుకుంటా స్టేజీ దగ్గరికి వచ్చింది. అంచు పట్టుకుంటే బంగారుపొడి వేలికంటుకుంది. "ఏం గుడ్డ మే ఇది?"

"మల్లుగుడ్డమ్మా. నేనే చేసినా."

మొదటి పిల్ల విప్పి ఇచ్చిన తన పట్టుచీరను అమ్మ మడత పెట్టుకుని, పాత పంచెగుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. ఆ మడత పెట్టే చేతులు చూడలేకపోయినాను. "మేడమ్, ఒక్క సీను, ఒక్క సీను పట్టుచీర కట్టిద్దాం" అని బతిమాలుకున్నాను. మేడమ్ కోప్పడుతుందనుకున్నా. కోప్పడలేదు. "మీ అమ్మగారిని అడుగు. ఆమె సరేనంటే నాకూ సరే" అనింది.

అడిగినాను. అమ్మకు కోపమొచ్చింది. "కనపడేట్ల చేసేదానికే గదా నిన్ను సదివించింది? కనపడనిది కట్టి ఏం చేసుకుంటావు?"

"మరి అత్త అడిగితే?"

"అది నేను చూసుకుంటా. నువ్వు నీ పని చూడు పో."

సాయంత్రం హాలు నిండిపోయింది. మా వాళ్లకని ముందర కుర్చీలు పట్టి ఉంచినాను. అమ్మ వాటి తట్టు కూడా చూడకుండా, అత్తను ఎంటబెట్టుకుని పోయి మళ్లీ ఆ మూలకుర్చీలోనే కూర్చుంది. వాళ్ల వెనకనే లైట్లు నడిపే మీటల బల్ల. బల్ల దగ్గర నేను, నా పక్కన మేడమ్.

పరదా లేచింది. పెండ్లికూతురు పందిట్లోకి నడిచొచ్చింది. నేను నారింజ లైటు మెల్లగా పెంచినాను. చీర భగ్గుమనింది. హాలంతా ఒక్కసారిగా "అబ్బ!" అనింది.

అత్త అమ్మ చెవిలో గుసగుసలాడింది. ఆమె గుసగుస కదా, నాకూ వినపడింది. "వదినా, ఇదేనా మీ నాయన నేసింది? ఏం మెరుస్తాందే! ఇట్లాంటిది ఇన్నాళ్లూ బీరువాలో దాచుకున్నావా?"

ఔనంటే చాలు. అత్తకు జన్మలో తెలిసేది కాదు. అమ్మ కోరుకున్నది అదే, అదే మాట, అదే నోటినుంచి. నా చేయి లైటు మీట మీదనే ఉండాది.

అమ్మ స్టేజీ మీంచి చూపు తిప్పలేదు. ఒళ్లో సంచిని రెండు చేతులా పట్టుకుని ఉండాది.

"కాదమ్మా, మా నాయన నేసింది ఇందులో ఉండాది. అది నా బిడ్డ చేసింది" అనింది.

స్టేజీ మీద వెలుగు కాస్త వణికింది. మేడమ్ నా చేతి మీద చేయి వేసి, "లైటు చూసుకో" అనింది.