పామాయిల్ నీళ్ల మంట

జీడిమెట్లలో ఒక షెడ్డు. దాని వెనక పెద్ద ట్యాంకు, ట్యాంకు మీద గ్యాసు నిండితే ఉబ్బే నల్లని రబ్బరు మూత. ఖమ్మం వైపు పామాయిల్ మిల్లు నుంచి ట్యాంకరులో మురికినీళ్లు వచ్చేవి. గోధుమరంగు బురద, పైన జిడ్డు. అవి ట్యాంకులో కుళ్లి గ్యాసు పుట్టేది. రోజూ వాటిని బకెట్లతో కొద్దికొద్దిగా పోయడం నా పని. మేత పెట్టడం అనేవాళ్లం. జీతం కన్నా నాకు షెడ్డు పక్క గది ముఖ్యం. పక్షవాతంతో పడి ఉన్న మా అమ్మతో కిరాయి లేకుండా ఉండగలిగిన చోటు అదొక్కటే.

తెలంగాణ కోసం బంద్‌ల మీద బంద్‌లు జరుగుతున్న రోజులు. ట్యాంకరు దారిలోనే ఆగిపోయింది. మూత ముడతలు పడి దిగిపోయింది. తాను వచ్చి ఈ గ్యాసు మంట చూస్తానని, నచ్చితే తన మిల్లులో పెద్ద ట్యాంకు కట్టిస్తానని మిల్లు యజమాని అన్నాడు. ఆయన రాక ముందురోజుకు గాని ట్యాంకరు చేరలేదు. మాదాపూర్ ఆఫీసు నుంచి మేనేజరు సారు పరుగున వచ్చారు.

"ఇన్నాళ్లూ పస్తులుంది కదమ్మా, మొత్తం పోసెయ్. కడుపునిండా తింటుంది."

"పెండ్లి బువ్వ పెడుతున్నరు సార్ దీనికి" అని వాచ్‌మన్ నవ్వాడు. ఇద్దరం కలిసి అంతా పోశాం.

మర్నాడు మూత నిండుగా ఉబ్బింది. సారు ముఖం వెలిగింది. యజమాని వచ్చాక గ్యాసు గొట్టం దగ్గర అగ్గిపుల్ల గీస్తే మాత్రం బుస్సుమంది తప్ప మంట అంటుకోలేదు. ఒక్కసారే మేత ఎక్కువై ట్యాంకు పులిసిపోయింది, పుల్లని కంపు కొట్టింది.

"మా మురుగు మాకే చూపించడానికి ఇంత దూరం పిలిచారాండీ?" అన్నాడు మిల్లు యజమాని.

"ఈవిడేనండీ. వద్దంటున్నా అంతా దిమ్మరించింది. ఇవాళే పనిలోంచి తీసేస్తున్నాను" అన్నారు సారు.

నేను చాయ్ పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాను. యజమాని కప్పు తీసుకుంటూ నా పాదాల జిడ్డు చూసి, "ముందా కాళ్లు కడుక్కోమనండి" అన్నాడు.

ఆయన వెళ్లాక సారు మెత్తబడ్డారు. "అది ఆయన ముందు అన్న మాటమ్మా. మంట తెప్పించు, గది నీదే."

మేత ఆపేశాం. సారు చెప్పినట్టు పులుపు విరగడానికి సున్నపు నీళ్లు కలిపాను. బర్రెల కొట్టాల నుంచి పేడ తట్టలతో మోసి, కలిపి పోశాను. తరువాత మేత మళ్లీ చెంబుతో కొద్దికొద్దిగా మొదలుపెట్టాను. రోజూ గొట్టం దగ్గర చెవి పెట్టి వినేదాన్ని. గదిలో అమ్మ దాహమని మూలిగితే, "జరసేపు నోరు ముయ్యి" అని అరిచేదాన్ని. ఒక పొద్దున నీలం మంట లేచింది. అరచేయి కాలేదాకా దాని మీద పెట్టి చూసుకున్నాను.

సారు అక్కడే నిలబడి యజమానికి ఫోన్ చేశారు. పెట్టేసి నా వైపు తిరిగారు.

"రేపు వస్తున్నారమ్మా. నిన్ను తీసేశానని ఆయనకు చెప్పాను కదా. నువ్విక్కడ కనపడితే నా మాటకు విలువేముంటుంది?"

"మా అమ్మను యాడికి తీస్కపోవాలె సార్?"

"ఏదైనా దవాఖానలో చూడు. పొద్దున్నే ఖాళీ చెయ్. గది ఆయన కంట పడినా బాగుండాలి."

తెల్లారి తోపుడు బండి మీద గిన్నెల మధ్య అమ్మను పడుకోబెట్టాను. గేటు దగ్గరికి వచ్చేసరికి కారు ఎదురైంది. వాచ్‌మన్ చేతులు ఊపాడు.

"జర పక్కకు జరుపు చెల్లె, సార్లు వస్తున్నరు."

బండిని మురుగు మోరీ అంచుకు లాగాను. అమ్మ మెడ తిప్పి చూసింది.

"మన కోసమేనా బిడ్డా కారు?"

"కాదు" అని బండి తోశాను.