ఒక్కపొద్దు పాలు, థైరాయిడ్ మాత్ర

గ్లాసుడు పాలు ఒక కాపురాన్ని ఆపేస్తాయంటే నమ్ముతారా? నా కాపురాన్ని ఆపేశాయి. పోనీ ఎవరో గిట్టనివాళ్లు తాగించారా అంటే అదీ కాదు. గటగటా తాగింది నేనే.

తొంభైల చివర్లో సంగతి. పెళ్లయిన కొత్త. ఆయనకు కుప్పంలో గ్రానైట్ ఫ్యాక్టరీలో పని. నాకేమో థైరాయిడ్ తగులుకుని, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అందుకని పుంగనూరులో అమ్మ దగ్గరే ఉండిపోయాను. మదనపల్లె డాక్టరమ్మ మాత్ర రాసిచ్చి, "రోజూ పరగడుపున వేసుకో. పరీక్షలో బాగుంటే కుప్పం పోవచ్చు" అంది.

పరగడుపు మాకు తెలియందా! మా ఇంట్లో వారం వారం ఒక్కపొద్దే. అన్నం ముట్టం, పాలు మాత్రం ఎన్నైనా తాగుతాం.

"ఉత్త నీళ్లతో ఏసుకుంటే పేగులు మాడిపోవా? దేవుడే పాలొద్దనలే, డాక్టరమ్మ అంటాదా? తాగు" అని అమ్మ పుంగనూరు ఆవు పాలు గ్లాసు నిండా ఇచ్చేది. కాసేపటికి నా కడుపు ఘాట్ రోడ్డెక్కే బస్సులా మూలిగేది. "మాత్ర వేడి చేస్తాండాది" అని తేల్చేసి, చలవకని అమ్మ ఇంకో గ్లాసు పోసేది.

ఆదివారం పక్కింటి ఫోనుకు ఆయన చేసేవారు.

"ఎప్పుడొస్తాండావు? నేను కెలికిన సంగటి నాకే గొంతు దిగడంలే. మందు సరిగ్గా ఏసుకుంటాండావా?"

"రెండు గ్లాసుల పాలతో ఏసుకుంటాండా!" అని గర్వంగా చెప్పేదాన్ని. పక్కింటామె వింటోందని, మిమ్మల్ని చూడాలనుంది అనే మాట మింగేసేదాన్ని. కుప్పం బస్సు కనబడితే చాలు, ఏడుపొచ్చేది.

పరీక్ష చేసినప్పుడల్లా అదే నిరాశ. డాక్టరమ్మ మోతాదు పెంచింది, నేను పాలు పెంచాను. చివరికి ఒకరోజు ఆమె ఎదుటే నా కడుపు గట్టిగా అరిచింది.

"పొద్దున ఏం తిన్నావు?"

"ఏమీ లేదండి. మాత్రేసుకుని పాలు తాగానంతే."

"పాలా!"

అమ్మ ముందుకొచ్చింది. "ఒక్కపొద్దుకే పనికొస్తాయి కదమ్మా!"

డాక్టరమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "పాలతో వేస్తే మాత్ర ఒంటికి సరిగ్గా పట్టదు. పైగా ఈ పిల్లకు పాలే పడవు. కడుపు మొత్తుకుంటుంటే వినబడలేదా? ఉత్త నీళ్లతో వెయ్యి, పాలు మానెయ్. మోతాదు కూడా తగ్గిద్దాం."

అంతే, కొన్నాళ్లకు పరీక్షలో అంతా బాగుందని తేలింది. కుప్పం బస్సెక్కి, కిటికీలోంచి అమ్మను చూసి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాను. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "ఇంకొన్నాళ్లు పాలే తాగింటే, ఈడే ఉండేదానివి కదమ్మా" అంది.

ఇప్పుడు కుప్పంలో ఆయన పక్కనే కూర్చుని మాత్ర వేసుకుంటాను. బెంగంతా పుంగనూరు మీద. అమ్మ పోయి చాలా కాలమైంది.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక పాలతో మాత్ర వేసుకోను, ఎవరిచ్చినా సరే. అమ్మే వచ్చి గ్లాసు చేతికిచ్చి "తాగు" అంటే మాత్రం, మాటివ్వలేను.