అండమాన్ తీగ, అమ్మ నుయ్యి

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా ఆయనకైతే అది చూడటానికి కూడా పనికిరాదు. అరసవల్లిలో ఫ్యాన్సీ కొట్టు నడుపుకునే ఈ మనిషి, అండమాన్ టూర్‌లో ఒక దీవి ఒడ్డున, తెల్ల ప్యాంటుతో ఇసకలో బోర్లా పడుకుని ఊదారంగు పూల తీగకు ఫొటోలు తీశాడు. మేక గిట్టల్లాంటి ఆకులతో ఒడ్డంతా అల్లుకుని ఉందది. దాని వెనక ముళ్ల గడ్డి, ఆ వెనక మొగలి పొదలు. ఏ దీవికి తీసుకెళ్లినా అదే వరస.

"ఒసే, సూసినావా ఎంత బాగున్నాదో! మన కాడేటున్నాది, బూడిద!"

"ఇదే తీగ మా కళింగపట్నంలో ఒడ్డు పొడుగునా ఉన్నాది కదండీ. దాని పక్కనే సేపలెండేస్తారు."

"అండమానొచ్చినా నీకు సేపలేనేటే?"

అంతలో మా గైడు అందుకుని, ఆ తీగ గింజలు సముద్రంలో తేలుతూ పోయి ఏ ఒడ్డు దొరికితే ఆ ఒడ్డున మొలుస్తాయని చెప్పాడు. మా ఆయన పురాణం విన్నట్టు తలాడించాడు. అదే మాట నేనంటే చేపల కంపు, గైడు అంటే శాస్త్రం.

కళింగపట్నంలో మా అమ్మ నాకు పసుపు కుంకుమల కింద ఇచ్చిన కాస్త నేల చెక్క ఉంది. అందులో ఒక ఇసక నుయ్యి. కెరటాల హోరు వినిపించేంత దగ్గరలో ఉన్నా నీళ్లు తియ్యగా ఉండేవి. చుట్టుపక్కల ఆడవాళ్లంతా అక్కడే బిందెలు నింపుకునేవారు. మా అమ్మ మాత్రం బతికున్నంతకాలం మోటారు పెట్టనివ్వలేదు. "అడుగునున్నదంతా ఉప్పేనే. తీపి నీళ్లు పైన మీగడలాగ తేల్తాయి. సేదతో తోడుకో, కలబెట్టీకు" అనేది.

టూర్ నుంచి రాగానే మా ఆయనకు ఆ చెక్క మీద కన్ను పడింది. "అచ్చం అండమాన్ దీవిలాగ" రిసార్టు కడతానన్నాడు. జేసీబీ తెప్పించి తీగ, మేం రావణాసురుడి మీసాలనే ఆ ముళ్ల గడ్డి, మొగలి పొదలు అన్నీ పెళ్లగించేశాడు. అండమాన్‌లా కనబడటానికి అండమాన్‌లో ఉన్నవన్నీ పీకించిన మొనగాడు భూప్రపంచంలో మా ఆయనొక్కడే. వాటి బదులు లారీల్లో పచ్చిక, నర్సరీ పామ్ చెట్లు దిగాయి. తీగ ఫొటోకు మాత్రం పెద్ద ఫ్రేము కట్టించి రిసెప్షన్‌లో తగిలించాడు.

ఆ పచ్చికకు పొద్దస్తమానం దాహమే. నూతిలో మోటారు దించుతానన్నాడు. అది మా అమ్మ నుయ్యి, ముట్టుకోవద్దన్నాను.

"పక్కన సముద్రమెట్టుకుని నీళ్లకేటే కరువు?" అన్నాడు.

ఇంత తెలివిని ఏ దేవుడికి మొక్కి ఆపాలో నాకు తెలియలేదు. వంట మానేశాను. ఆయన హోటల్ నుంచి పెసరట్లు తెప్పించుకుని తిన్నాడు. మోటారు ఆగలేదు.

ప్రారంభం రోజు చుట్టాలందరినీ పిలిచాడు. మా ఆడపడుచు భర్తకు తనే గ్లాసు అందించి, "మా నూతి నీళ్లు బావా, కొబ్బరి నీళ్లే" అన్నాడు. ఆయన ఒక గుక్క పోసుకుని, మింగలేక, అటూ ఇటూ చూసి పచ్చిక మీద ఉమ్మేశాడు.

"మినరల్సు బావా, ఒంటికి మంచిది" అన్నాడు మా ఆయన, కన్నార్పకుండా.

నేను నూతి దగ్గరికి పరిగెత్తి చేద వేసి తోడాను. దోసిట్లో పోసుకుని తాగితే నాలుక మీద ఉప్పు చుర్రుమంది. గట్టు మీదే కూలబడి ఏడ్చాను. అందరూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేదు.

పక్క వీధి పిన్ని, మా అమ్మ ఉన్నప్పటినుంచీ ఆ నూతి నీళ్లే తాగిన మనిషి, నా ఏడుపు విని వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఇంటికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతికిచ్చింది.

"తాగమ్మీ. కొన్న నీళ్లే. పుట్టింటికొచ్చి దాహంతో ఎల్తావేటి?"