తాళంచెవి నాకంటే ముందే సముద్రం దాటింది

మా అత్తగారి నడుముకు ఎప్పుడూ ఒక తాళాల గుత్తి వేలాడుతుండేది. ధాన్యం కొట్టుది, బీరువాది, వాటి మధ్యలో నా పెట్టెది. నా పెళ్ళికి మా నాయన చిత్తూరు బజారులో కొనిచ్చిన ఇనప్పెట్టె అది. పెట్టె నా పుట్టింటిది, లోపలి చీరలు నావి, తాళంచెవి మాత్రం ఆమెది. ఆ ఇంట్లో కోడళ్ళ పెట్టెలకు అదే పద్ధతి. ఆమె కొత్తకోడలుగా వచ్చినప్పుడు ఆమె పెట్టె తాళంచెవి కూడా వాళ్ళ అత్త నడుముకే ఉండేదట. ఆ సంగతి ఎంతో గొప్పగా చెప్పుకునేది. వింటుంటే నాకు ఒళ్ళు మండేది.

ఒకసారి ఆమె మొక్కు తీర్చుకోవడానికి తిరుపతికి వెళ్ళింది, గుత్తితో సహా. ఆ రోజే మా నాయన మా ఊరు ఐరాల నుంచి బండిలో బెల్లం తోలుకుని చిత్తూరు మండీకి వచ్చాడు. పని చూసుకుని నన్ను పలకరించడానికి ఇంటికి వచ్చాడు. వంటింట్లో కట్టుకునే చిరుగుల చీర తప్ప నాకు పెట్టె బయట మరొకటి లేదు. పెట్టె ముందు కూర్చుని తాళం లాగి చూశాను, రాలేదు. ఆ చీరతోనే ఆయనకు అన్నం వడ్డించాను. నాయన తల వంచుకుని తిని, పోయొస్తానమ్మా అని వెళ్ళిపోయాడు. ఎలాంటి ఇంట్లో ఇచ్చానా అని దారి పొడుగునా అనుకునే ఉంటాడు. ఆ అవమానం నేను ఈరోజుకీ మరిచిపోలేదు. మరిచిపోవాలని కూడా లేదు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మా ఆయనకు కొలంబోలో ఒక తేయాకు కంపెనీలో గుమాస్తా పని దొరికింది. అక్కడ ఇల్లు చూసుకుని నన్ను రమ్మని రాశారు. ఓడ దారిలో వస్తే మండపం అనే ఊరి దగ్గర, రోగాలు లేవని తేలేదాకా క్యాంపులో రోజుల తరబడి కూర్చోబెడతారని, ఒంటరిగా నాకు ఆ బాధ వద్దని, మద్రాసు నుంచి విమానానికి టిక్కెట్టు పంపించారు. మా వీధిలో అంతవరకు విమానం ఎక్కినవాళ్ళు లేరు. అత్తగారు నాకంటే ముందే గాల్లోకి ఎగిరింది. కనిపించిన ప్రతివాళ్ళకూ చెప్పుకుంది.

అయితే పెట్టె మనిషి దగ్గర ఉంచరని, విమానం అడుగున సామాను గదిలో వేస్తారని ఆ జాబులోనే ఉంది. దాంతో ఆమెకు దొంగల భయం పట్టుకుంది. పెట్టె తానే సర్దింది. అడుగున చీరలు, పైన ఊరగాయ జాడీ, చెనిక్కాయల ఉండలు. తాళం వేసి, చుట్టూ గోనెపట్టా చుట్టి దబ్బనంతో కుట్టించింది. దాని మీద తాడు కట్టించి, ముడుల మీద లక్క కరిగించి ముద్ర వేయించింది. లక్క చూస్తే దొంగ చెయ్యి పెట్టడని ఆమె నమ్మకం. అంతవరకు బాగానే ఉంది. తాళంచెవి ఇమ్మని నేను చెయ్యి చాపాను.

అది నాకు కాదట. రిజిస్టరు పోస్టులో అప్పటికే కొడుక్కి పంపేసిందట.

“ఆడమనిషివి, దావలో ఎవుడన్నా గుంజుకుంటే ఏం జేస్తావు? వాడి సేతికి పోతే వాడే తీస్తాడు. నీకెందుకమ్మే బీగం సెవి?” అంది.

ఒంటరిగా సముద్రం దాటడానికి నేను పనికొస్తాను. వేలెడంత ఇనుపముక్క మోయడానికి మాత్రం పనికిరాను. ఈ మాట పైకి అంటే ప్రయాణమే ఆగిపోతుందని నోరు మూసుకున్నాను. ఆమె ముందు అంత కోపం మింగడం నాకదే ఆఖరు.

మా మరిది నన్ను మద్రాసు దాకా దిగబెట్టడానికి వచ్చాడు. మంచివాడే గాని వాళ్ళమ్మ పేరు చెబితే వణుకు. కాట్పాడిలో రైలెక్కి మద్రాసు చేరి, మర్నాడు మీనంబాకం విమానాశ్రయానికి వెళ్ళాం. అక్కడ పెట్టెను తూకం వేశారు. అంతలో సుంకం ఆఫీసరు వచ్చి విప్పి చూపించమన్నాడు. పరదేశం పోయే పెట్టెలన్నీ చూడాల్సిందేనట. తాడు విప్పించి, గోనె కుట్లు కోయించాడు. లక్కముద్ర చిట్లి కింద రాలింది. తాళం బయటపడ్డాక, సావి ఎక్కడని అరవంలో అడిగాడు.

మరిది ముఖం పాలిపోయింది. తాళంచెవి కొలంబోలో ఉందని ఎలాగో చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. తెరవని పెట్టె విమానం ఎక్కదని, మనిషి కావాలంటే వెళ్ళవచ్చని, పెట్టెను వెనక్కి తీసుకుపొమ్మని చెప్పాడు. మరిదికి ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. పెట్టెను తాను ఇంటికి తీసుకుపోయి అమ్మకు అప్పగిస్తాడట. తాళంచెవి తిరిగొచ్చాక ఎవరితోనైనా పంపిస్తారట.

అంటే నేను కట్టుబట్టలతో కొత్త దేశంలో దిగాలి. నా పెట్టె మళ్ళీ ఆ ఇంటికే, ఆమె చేతికిందికే పోవాలి. తల వంచుకుని అన్నం తింటున్న మా నాయన కళ్ళముందు మెదిలాడు. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు. సామాన్లు మోసే అతన్ని పిలిచి సుత్తి అడిగాను. సుత్తి లేదు, చెక్కపెట్టెలు ఊడదీసే ఇనుపకడ్డీ ఉందన్నాడు. అదే తెమ్మన్నాను.

“వద్దు వదినా, అమ్మ సంపేస్తాది,” అన్నాడు మరిది.

“ఈ పెట్టె నాది. మా నాయన కొనిచ్చినాడు. పగలగొట్టేది గూడా నేనే,” అన్నాను.

కూలీ తాను కొడతానన్నాడు. ఇవ్వలేదు. కొంగు దోపుకుని, కడ్డీ కొసను కొండీలో దూర్చి బలమంతా పెట్టి నొక్కాను. మొదట కదల్లేదు. పళ్ళు బిగించి మళ్ళీ నొక్కితే కొండీ ఊడి, తాళంతో సహా నేల మీద పడింది. ఆ చప్పుడు విన్నప్పుడు కలిగిన సంతోషం నాకు పెళ్ళిలో మేళం విన్నప్పుడు కూడా కలగలేదు.

ఆఫీసరు చీరలు కదిలించి, ఊరగాయ మూత తీసి వాసన చూసి, పెట్టె మీద సుద్దతో గీత గీశాడు. ఇప్పుడు మూత నిలవదు. గట్టిగా కట్టకపోతే తీసుకునేది లేదని తూకం దగ్గరి గుమాస్తా అన్నాడు. మరిది తాడు చుట్టాడు. పెట్టె ఎత్తగానే జారిపోయింది. నేను అందుకున్నాను. గుంతల దారిలో బెల్లం మూటలు కదలకుండా నాయన బండి మీద తాడు ఎలా బిగిస్తాడో చిన్నప్పటి నుంచి చూసినదాన్ని. అడ్డంగా, నిలువుగా తిప్పి, పెట్టె మీద కాలు పెట్టి లాగాను. అంతమంది మగవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను. గుమాస్తా తాడు కింద వేలు దూర్చబోయి, దూరక, చీటీ కట్టాడు.

కొలంబోలో మా ఆయన తాళంచెవి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. పెట్టె వచ్చింది. కొండీ ఊడిన చోటు చూసి, ఎవరు చేశారని కంగారుగా అడిగారు. నేనే అన్నాను. జరిగిందంతా చెప్పాను. అమ్మకు ఏమని రాయాలని తల పట్టుకున్నారు. జరిగింది జరిగినట్టే రాయండన్నాను. ఆయన ఆ చెవిని ఏం చేయాలో తెలియక జేబులో వేసుకున్నారు.

ఇంటికి పోయే దారిలో బండి ఆపించి, ఇనుప సామాన్ల అంగట్లో కొత్త కొండీ, కొత్త తాళం తీసుకున్నాం. దానికి రెండు చెవులున్నాయి. ఒకటి ఇమ్మని ఆయన అలవాటుగా చెయ్యి చాపారు. నేను రెండూ కొంగున ముడేసుకున్నాను.

“రెండూ పోగొట్టుకుంటే ఎట్ల?” అన్నారు.

“పగలగొట్టేది నాకొచ్చు గదా,” అన్నాను.