ఇంకొకళ్ళు దాచిన డబ్బా

ఫోన్లలోకి మ్యాపులు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. నడకలో దారి చూపే సాఫ్ట్‌వేర్ ఏది కొనాలో తేలక, రెండింటి ట్రయల్ వెర్షన్లూ ఫోన్లో వేసుకుని తిరిగేవాణ్ణి. అప్పుడే ఒక ఆట పట్టుకుంది. ఎవరో ఒక డబ్బా దాచి, ఆ చోటు జీపీఎస్ అంకెలు ఇంటర్నెట్లో పెడతారు. మనం వెతికి పట్టుకోవాలి. నర్సీపట్నం పక్కన బలిఘట్టం దాటాక అలాంటిదొకటి ఉందంటే వెళ్ళాను. నన్ను దాని దగ్గరికి చేర్చిన సాఫ్ట్‌వేర్‌నే కొనాలని నిర్ణయం.

ఒకటి జీడిమామిడి తోటలోకి తీసుకెళ్ళి, గమ్యం చేరావంది. రెండోది రోడ్డవతల చెరకులోకి రమ్మంది. ఫోను పైకెత్తి అటూ ఇటూ తిరుగుతుంటే తోట యజమానురాలు చూసింది.

"సిగ్నల్ కోసమైతే ఆ రాతిబండ మీదికెక్కండి బాబూ. మావోళ్ళందరూ అక్కడే మాటాడతారు."

"సిగ్నల్ కాదమ్మా, డబ్బా."

"పచ్చ డబ్బాయేటి? ఈ సెట్టు మొదట్లోనే దొరికింది. ఎవరో పాపం పారేసుకున్నారని సర్చీలో పాస్టరుగారి సేత రెండాదివారాలు సెప్పించాను. ఎవరూ రాలేదు. లోపల ఏటున్నాయో సెప్పండి, ఇచ్చేస్తాను."

నాకెలా తెలుస్తుంది?

"నాది కాదమ్మా. ఎవరో దాచారు, నేను వెతుకుతున్నాను."

ఆమె నన్నూ, నా ఫోన్నీ ఎగాదిగా చూసింది.

"ఇంకొకళ్ళు దాసుకున్నది మీరెందుకెతుకుతున్నారు బాబూ?"

మొదటి సాఫ్ట్‌వేర్ గెలిచింది, కొన్నాను కూడా. డబ్బా మాత్రం ఆమె చూపించనైనా లేదు. నర్సీపట్నం బస్సు ఎక్కడాగుతుందో చూపించి, నేను ఎక్కేదాకా గట్టు మీంచి కదల్లేదు.